వింటర్ కిట్‌తో మిద్దె తోట: మూడు నెలలు పెంచాక చెప్తున్న రివ్యూ

నమస్కారం అండీ. వెనకాల వినపడుతున్న సుత్తి చప్పుడు పక్కింటి స్లాబు పనిది. పొద్దున్నుంచి ఆగట్లేదు, ఇక దాంతోనే కానిచ్చేద్దాం.

దీపావళి ఆఫర్లలో నేనొక వింటర్ గార్డెన్ కిట్ కొన్నానని చెప్పాను కదా, అన్‌బాక్సింగ్ వీడియో పెట్టమని చాలామంది అడిగారు. డబ్బా విప్పి చూపిస్తే ఏం తెలుస్తుందండీ? విత్తనం మొలవాలి, కాయాలి, కూర వండాలి, అప్పుడు మాట్లాడాలి. ఇప్పుడు మూడు నెలలైంది, సంక్రాంతి కూడా వెళ్ళిపోయింది, రేపు రథసప్తమి. ఇప్పుడు చెప్తాను.

కిట్‌లో ఏమొచ్చాయంటే, 12 రకాల విత్తనాల ప్యాకెట్లు, నారు పోసుకునే ట్రే ఒకటి, 5 కిలోల కోకోపీట్ ఇటుక, అంటే మట్టిలా వాడే కొబ్బరి పొట్టు, పన్నెండంగుళాల గ్రో బ్యాగులు పది, చిన్న సీసాలో వేపనూనె. అన్నీ కలిపి 1,199 రూపాయలు. కంపెనీ పేరు చెప్పను, కామెంట్లలో అడగొద్దు. పోయిన వాటిలో సగం తప్పు నాది.

ముందు బాగున్నవి చెప్పేస్తాను. బ్యాగులు బాగున్నాయి. ఆకుపచ్చ హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ రకం, కుట్టు గట్టిగా ఉంది, అడుగున నీళ్ళు పోయే రంధ్రాలు సరిగ్గా ఉన్నాయి. కోకోపీట్ ఇటుక నీళ్ళలో నానబెడితే పెద్ద టబ్బు నిండి పొంగింది. ఒక్క మాట, చలికాలంలో కోకోపీట్ మోసం చేస్తుంది. పైన పొడిగా, గోధుమరంగులో కనపడుతుంది, అయ్యో ఎండిపోయిందని నీళ్ళు పోస్తాం, లోపల మాత్రం బురదలా ఉంటుంది. వేలు రెండు కణుపుల దాకా దించి చూడండి, తడి తగిలితే ఆ రోజుకి నీళ్ళు వద్దు. మా పాలకూర మొదటి విడత అలాగే కుళ్ళిపోయింది.

ఆకుకూరల విత్తనాలకి మాత్రం ఎవరూ డబ్బులు పెట్టకండి. కిట్‌లో మెంతుల ప్యాకెట్ విప్పితే చెంచాడు కూడా లేవు. అదే రోజు మా పోపుల డబ్బాలోంచి గుప్పెడు మెంతులు తీసి పక్క బ్యాగులో చల్లాను. రెండూ ఒకేలా మొలిచాయి, నెల తిరక్కుండా రెండూ పప్పులో పడ్డాయి. ధనియాలు కూడా అంతే. కాకపోతే వాటిని చపాతీ కర్రతో మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి వేయాలి, ఒక్కో ధనియంలో రెండు విత్తనాలుంటాయి. ముల్లంగికి పేరు పెట్టేది లేదు. నలభై ఐదు రోజులకి మట్టిని తోసుకుని తెల్లటి భుజాలు పైకి తేలాయి, మా బాబు లాగి లాగి వెనక్కి పడ్డాడు.

ఇక క్యారెట్. ఇదిగో చూడండి. దీనికి రెండు కాళ్ళు, దానికి మూడు. ఒకటైతే కాలు మీద కాలేసుకుని కూర్చున్నట్టుంది. ఎందుకిలా అయ్యాయంటే, కిట్‌లో ఇచ్చిన కాగితంలో "విత్తనాలన్నీ ట్రేలో వేసి, మొలిచాక బ్యాగుల్లోకి మార్చండి" అని రాశారు. వంకాయకి, టమాటాకి, క్యాబేజీకి అది సరే. క్యారెట్‌ని, ముల్లంగిని అలా మార్చకూడదు. పీకేటప్పుడు తల్లివేరు కొస తెగితే అక్కణ్ణుంచి చీలుతుంది. ముల్లంగిని అదృష్టం కొద్దీ నేరుగా బ్యాగులో చల్లాను, ట్రేలో చోటు చాలక. రుచి బాగానే ఉంది లెండి, హల్వా చేస్తే కాళ్ళు ఎవరికీ కనపడవు.

అసలు చెప్పాలనుకున్నది కాలీఫ్లవర్ గురించి. కెమెరా దగ్గరికి తీసుకురా నాన్నా. ఈ మొక్కలో పువ్వు కనిపిస్తోందా? ఇది మొగ్గ కాదండీ, ఇంతే దీని పువ్వు. పది రూపాయల బిళ్ళ పెట్టి చూశాను, బిళ్ళ కంటే కొంచెం పెద్దది. పైగా అప్పుడే విడిపోయి పసుపు తిరుగుతోంది. ఎనిమిది మొక్కలు, ఎనిమిదీ ఇలాగే.

మొదట ఎరువు తక్కువైందనుకున్నాను. కింద వాటాలో ఉండే వదినని పైకి పిలిచి చూపించాను. ఆవిడ ఆకు కూడా ముట్టుకోకుండా, "ఎప్పుడు పోశావు నారు?" అని అడిగారు. నవంబరు రెండో వారం అన్నాను. "బ్యాగులోకి ఎప్పుడు మార్చావు?" నేను నసిగాను. ఎందుకంటే మధ్యలో మా తమ్ముడి పెళ్ళి పనులని ఊరెళ్ళాను, నారు ట్రేలోనే 45 రోజులు ఉండిపోయింది. మామూలుగా 25, 30 రోజులకి మార్చాలి. చిన్న గుంతలో వేళ్ళు చుట్టుకుపోయి, తిండి చాలక, మొక్కకి ఇక తన పని అయిపోయిందనిపిస్తుంది. ఆకు పెంచడం మానేసి ఉన్నపళంగా పువ్వు పెట్టేస్తుంది.

అది నా తప్పు. రెండో తప్పు ప్యాకెట్‌ది. కాలీఫ్లవర్‌లో స్వల్పకాలిక, మధ్యకాలిక, దీర్ఘకాలిక రకాలని మూడుంటాయి. పూసా దీపాలి లాంటివి తొందరగా వచ్చేవి, పూసా స్నోబాల్ బాగా చలి కావాల్సింది. తొందర రకాన్ని వర్షాకాలంలోనే నారు పోయాలి. దాన్ని తీసుకెళ్ళి చలిలో నాటితే, నాలుగాకులు కూడా పెరగకముందే ఆ చలికి పువ్వు పెట్టేస్తుంది. అదే చలి కావాల్సిన రకాన్ని ముందే వేస్తే ఆకులు ఏనుగు చెవుల్లా పెరుగుతాయి గానీ పువ్వు రాదు. అందుకని ఏ రకమో తెలియాలి. మా ప్యాకెట్ మీద పెద్ద పువ్వు ఫోటో ఉంది, "కాలీఫ్లవర్" అని ఉంది, "అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు" అని ఉంది. రకం పేరు లేదు.

ఆ అక్టోబరు నుంచి ఫిబ్రవరి మాట కూడా ఎవరికి రాశారో! మేముండేది హైదరాబాద్‌లో, ఉప్పల్ దగ్గర. ఇక్కడ చలి అనేది నవంబరు సగం నుంచి జనవరి చివరి దాకా. శివరాత్రికి శివ శివ అంటూ పోతుందంటారు, మన దగ్గర ఈ మధ్య అప్పటిదాకా కూడా ఆగట్లేదు. ఫిబ్రవరిలో నాటిన కాలీఫ్లవర్ ఏప్రిల్ ఎండలో ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. వదిన వినాయక చవితికే నారు పోసుకుని దసరా సెలవుల్లో బ్యాగుల్లోకి మార్చుకున్నారు. డిసెంబరులో ఆవిడ పంపిన కాలీఫ్లవర్ మా కూరగాయల బుట్టలో పట్టలేదు. బ్యాగు సైజు అదే, మట్టి అదే, మేడ కూడా అదే.

బఠాణీ గురించి ఎక్కువ చెప్పను. అందరం కలిసి వలిస్తే ఒక గిన్నెడు వచ్చాయి. ఉప్మాలో వేశాం.

క్యాబేజీ కిట్‌లోది కాదు, దసరా ముందు నర్సరీలో కొన్న నారు. ఆరు వేస్తే నాలుగు గడ్డలొచ్చాయి. మిగతా రెండు పురుగుల పాలు. ఆకు కింద సన్నటి పచ్చ పురుగు ఉంటుంది, ముట్టుకుంటే గింగిరాలు తిరిగి దారానికి వేలాడుతుంది, అదే డైమండ్ బ్యాక్ మాత్. పొలాల్లో క్యాబేజీ 25 వరుసలకి రెండు వరుసలు ఆవాలు వేయమంటారు. ఆ పురుగు తల్లికి ఆవ ఆకులంటే ఎక్కువ ఇష్టం, గుడ్లు అక్కడ పెడుతుంది. మేడ మీద వరుసలెక్కడివి, రెండు పెరుగు డబ్బాల్లో పోపు ఆవాలు చల్లాను. అవి మొలవడానికి ముందే పోయినవి ఆ రెండూ. తర్వాత మిగతా నాలుగు నిలబడ్డాయి. ఆవ ఆకు పప్పులోకి కూడా బాగుంటుంది, పురుగు లేని ఆకు చూసి కోయండి.

వేపనూనె సంగతి. డిసెంబరులో ఒక పొద్దున సీసా తీస్తే నూనె నెయ్యిలా గడ్డకట్టి ఉంది. పాడైపోయిందని పారేయబోయాను. పాడవలేదండీ, చలికి వేపనూనె పేరుకుంటుంది, సీసాని గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచితే కరిగిపోతుంది. లీటరు నీళ్ళకి 5 మిల్లీలీటర్లు, అందులో నాలుగు చుక్కల గిన్నెల సబ్బు నీళ్ళు, బాగా కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున కొట్టాలి. సబ్బు లేకపోతే నూనె పైన తేలిపోతుంది, మీరు ఉత్త నీళ్ళు కొట్టినట్టే.

ఇంకొకటి ఏ కిట్‌లోనూ రాయరు. ఆ దక్షిణం వైపు పిట్టగోడ చూడండి. వానాకాలంలో దాని పక్కన ఎండ బ్రహ్మాండంగా ఉండేది, అందుకే పది బ్యాగులూ అక్కడే పేర్చాను. డిసెంబరు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. 21, 22 తేదీల్లో మన హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా దాదాపు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే మూడడుగుల గోడ రెండున్నర అడుగుల నీడ పరుస్తుంది, అది కూడా మంచి ఎండ వేళలో. నా బ్యాగులు అచ్చంగా ఆ నీడలో కూర్చున్నాయి. తడిసిన బ్యాగులు ఒక్కొక్కటి ఈ మూలకి లాగేసరికి మా ఆయన నడుం పట్టేసింది.

సరే, ఈ మూల పందిరి చూడండి. ఇది అత్తమ్మ చిక్కుడు. కిట్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు. ఆషాఢంలో పాత పెయింట్ డ్రమ్ములో నాలుగు గింజలు పెట్టారు. శ్రావణం, భాద్రపదం, ఆశ్వయుజం, తీగ పందిరెక్కింది, గోడెక్కింది, బట్టలు ఆరేసే తీగెక్కింది. ఒక్క పువ్వు లేదు. పీకేసి ఆ డ్రమ్ములో టమాటా వేద్దామన్నాను. "ఆగు బిడ్డా, దాని పొద్దు ఇంకా రాలె" అన్నారు. అత్తమ్మ అన్నది మాటవరసకి కాదని తర్వాత తెలిసింది. పాత తీగ చిక్కుళ్ళు పగలు కురచబడి రాత్రి పొడుగైతేనే పూస్తాయి. మీరెంత ఎరువు వేసినా జులైలో పూయవు. అది వద్దు, ఏ కాలంలోనైనా కాయాలి అనుకుంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క జయ్, అర్క విజయ్ అని పొట్టి రకాలున్నాయి, వాటికి పగటి పొడుగుతో పనిలేదు.

కార్తీకంలో మా తీగకి ఊదా పూలు గెలలు గెలలుగా వచ్చాయి. వాటి వెంటే పేనుబంక కూడా వచ్చింది. పూత కాడ చుట్టూ నల్లగా ఆవాలు అంటించినట్టు ఉంటుంది, చీమలు వరస కట్టి తిరుగుతుంటే అనుమానించండి. నేను వేపనూనె సీసా వెతికేలోపు అత్తమ్మ వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర బొగ్గుల బూడిద తెచ్చారు, పొద్దున్నే మంచు తడి మీద జల్లెడతో చల్లారు. రెండు మూడు సార్లు చల్లాక చాలావరకు పోయింది, బాగా పట్టిన కాడల్ని తుంచి పారేశాం. అప్పట్నుంచి వారానికి రెండు సార్లు కూర, అల్లంకారం పెట్టి, నువ్వులపొడి వేసి. కింద వాటాకి, ఎదురింటికి కూడా పంపుతున్నాం.

మార్కులా? బ్యాగులు, కోకోపీట్‌కి పదికి ఎనిమిది. విత్తనాలకి మూడు, అవి కూడా ముల్లంగి వల్ల. ఆ కాగితానికి సున్నా. వచ్చే ఏడు బ్యాగులు విడిగా కొంటాను, విత్తనాలు రకం పేరు, తేదీ రాసి ఉన్నవే కొంటాను, వినాయకుణ్ణి తెచ్చిన రోజే నారు ట్రే నింపుతాను. ఇదిగో, ఎండిన చిక్కుడు కాయలు కూడా ఓ గుప్పెడు తీగ మీదే వదిలేశాం, గింజలు తీసి బూడిదలో కలిపి సీసాలో పెట్టాలి.

ఆఁ, వస్తున్నా అత్తమ్మా! రేపటికి చిక్కుడాకులు కోయాలట, పరమాన్నం వాటిలోనే నైవేద్యం పెట్టాలి. రథం కట్టడానికి లేత కాయలు కూడా కావాలంటున్నారు. వెలుతురు ఉండగానే కోసేస్తాను, ఉంటానండీ.