మరక ఒకచోట, లీకు మరోచోట

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇంట్లో నీళ్లు ఎక్కడ కారుతున్నాయో పట్టుకోవడం, పట్టుకున్నాక బాగుచేయడం గురించి ఈ భాగంలో మాట్లాడుకుందాం. చాలా ఏళ్లుగా ప్లంబింగ్ పనిలో ఉన్న మిత్రులు మనతో ఉన్నారు. నమస్కారమండి. పైకప్పు మీద చెమ్మ మరక కనబడితే, సరిగ్గా దానిపైన ఉన్న గచ్చునే పగలగొట్టాలా?

అతిథి: నమస్కారమండి. పని కొత్తలో నేనూ అలాగే అనుకుని నాలుగు టైల్స్ పగలగొట్టాను. తీరా చూస్తే వాటి కింద పైపు పొడిగా ఉంది. కారుతున్న జాయింటు రెండు మీటర్ల అవతల గోడ మూలలో దొరికింది. నీరు పైపు వెంట, స్లాబు వాలు వెంట పాకుతూ వెళ్లి, ఎక్కడ సందు దొరికితే అక్కడ బయటపడుతుంది. ఆ టైల్స్ ఖర్చు నేనే పెట్టుకున్నాను కాబట్టి, అప్పటినుంచి సుత్తి తీసేముందు మీటరు చూడటం అలవాటైంది.

వ్యాఖ్యాత: మీటరును బట్టి ఎలా తెలుస్తుంది?

అతిథి: కొళాయిలన్నీ కట్టేసి, రీడింగ్ రాసుకుని, గంటో రెండు గంటలో ఎవరూ నీళ్లు ముట్టకుండా చూడాలి. అంకె మారిందంటే నీరు ఎక్కడో పోతున్నట్టే. చాలా మీటర్లలో అంకెల పక్కన చిన్న చక్రమో త్రికోణమో ఉంటుంది, సన్నటి ధారకు కూడా అది కదులుతుంది. తర్వాత ఇంట్లోకి వచ్చే ప్రధాన వాల్వు మూయాలి. అది గట్టిగా మూసుకున్నాక కూడా చక్రం తిరుగుతుంటే మీటరుకూ వాల్వుకూ మధ్యనే లీకు ఉంది. ఆగిపోతే ఇంటి లోపల ఉంది. పైన ట్యాంకు ఉన్న ఇంట్లో మాత్రం, ట్యాంకులోకి నీరు వచ్చే దారి మూసి, నీటిమట్టం దగ్గర సుద్దతో గీత గీసి, తెల్లవారాక చూడటమే నమ్మకమైన పద్ధతి.

వ్యాఖ్యాత: మీటరు కదలకుండానే గోడ తడుస్తుంటే?

అతిథి: అప్పుడు మురుగు పైపును అనుమానించాలి. మంచినీటి పైపులో ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దాని లీకు రాత్రీ పగలూ ఆగదు. మురుగు పైపు మాత్రం మనం నీళ్లు వాడినప్పుడే కారుతుంది. స్నానాలయ్యాక చెమ్మ పెరిగి, ఇల్లు నాలుగు రోజులు తాళం వేసి ఉన్నప్పుడు ఆరిపోతే, అది మురుగు పైపో, టైల్స్ మధ్య సందో అయి ఉంటుంది.

వ్యాఖ్యాత: మన కంటికి కనబడకుండా నీరు ఎక్కువగా పోయే చోటేది?

అతిథి: నన్నడిగితే ఫ్లష్ ట్యాంకే. కొళాయి బొట్టు కనబడుతుంది, వినబడుతుంది, నిద్ర చెడగొడుతుంది. సెకనుకు ఒక బొట్టు చొప్పున, 20 బొట్లు ఒక మిల్లీలీటరు అనుకుంటే, రోజుకు 4 లీటర్లకు పైగా, ఏడాదికి 1,500 లీటర్లకు పైగా పోతుంది. ఫ్లష్ ట్యాంకు లీకు అంతకంటే పెద్దదైనా చప్పుడు చేయకపోవచ్చు. ట్యాంకు నీళ్లలో వంటలో వాడే రంగు నాలుగు చుక్కలు వేసి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగండి. కింద కమోడ్ నీళ్లకు రంగు పట్టిందంటే అడుగున ఉన్న రబ్బరు మూత సరిగ్గా కూర్చోవడం లేదు. ట్యాంకులోకి నీరు వచ్చే పైపుకు గోడ దగ్గర ఉండే చిన్న వాల్వును, అంటే యాంగిల్ కాక్‌ను కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, ఆ మూత అంచు వెంట వేలు పెట్టి చూడండి. సున్నపు పొర గరగరలాడుతూ తగిలితే తుడిస్తే చాలు, రబ్బరు వంకర తిరిగి ఉంటే మార్చాలి. గొలుసు మరీ పొడుగై మూత కింద ఇరుక్కోవడం కూడా నేను తరచూ చూసేదే. నీరు నిలువు గొట్టం పైనుంచి పొర్లుతుంటే మాత్రం తప్పు మూతది కాదు, తేలే బంతిని కాస్త కిందికి దించాలి.

వ్యాఖ్యాత: కొళాయి కారుతుంటే బిగించి తిప్పుతుంటాం కదా?

అతిథి: అలా తిప్పడంవల్లే పాతరకం కొళాయిలో నీటిని ఆపే రబ్బరు బిళ్ల, అంటే వాషర్, ఇంకా తెగుతుంది. నీళ్లు ఆపి, పిడితో పాటు తిరిగే కడ్డీని, అంటే స్పిండిల్‌ను విప్పి, అదే కొలత వాషర్ వేస్తే సరిపోతుంది. అర తిప్పుతో తెరుచుకునే కొళాయిల్లో నీటిని ఆపి వదిలే లోపలి భాగాన్ని, అంటే కాట్రిడ్జ్‌ను మొత్తం మార్చాలి. కొళాయిని మళ్లీ పైపుకు బిగించేటప్పుడు, మరల్లోంచి నీరు కారకుండా చుట్టే సన్నటి టెఫ్లాన్ టేపును మర మీ వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడే ఊడి వస్తుంది. ప్లాస్టిక్ మరలను మరీ గట్టిగా బిగిస్తే పగులుతాయి.

వ్యాఖ్యాత: గోడలో పైపు అతికించాక వెంటనే పూత వేయవచ్చా?

అతిథి: వద్దండి. అతుకు జిగురు డబ్బా మీద రాసినంతసేపు ఆరనిచ్చి, నీళ్లు వదిలి, జాయింటు చుట్టూ పొడి కాగితం చుట్టి ఒక రోజంతా తెరిచే ఉంచండి. మర్నాడు కాగితం పొడిగా ఉంటే సిమెంటు పూయండి. గోడ లోపలి తడి ఆరడానికి వారాలు పట్టవచ్చు కాబట్టి, రంగుకు మాత్రం తొందరపడకండి.