పొడి కంటే ముందు నీళ్లు
(దేవరకొండ మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, సంఘం అక్కచెల్లెళ్లకు నమస్కారం. సమయం తక్కువ కనుక పేరుపేరునా పలకరించలేకపోతున్నాను, మన్నించండి.

తగిన మోతాదులో తీసుకుంటే ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్స్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల నిపుణులు 2001లో నిర్వచించారు. వాటి మేలును గురించి వివరంగా చెప్పాలనే వచ్చాను గానీ, వానాకాలంలో ఒక తండాలో చూసినది ముందుగా చెప్పక తప్పదు. విరేచనాలతో వాడిపోయిన పిల్లవాణ్ణి ఒడిలో పెట్టుకుని, ఒక తల్లి పొగలు కక్కుతున్న పాలలో ప్రోబయోటిక్ పొడి కలుపుతోంది. పిల్లవాడి నాలుక ఎండిపోయింది, పొట్ట మీది చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా వెనక్కి పోతోంది. పక్కన యాంటీబయోటిక్ సీసా ఉంది, నీళ్లలో కలిపి తాగించే లవణాలు, చక్కెరల ఓఆర్‌ఎస్ పొట్లం లేదు. ఆ వేడికి సూక్ష్మజీవులు చచ్చిపోతాయని గానీ, ఒంట్లోంచి పోయిన నీటిని, లవణాలను ముందు భర్తీ చేయాలని గానీ మందులు అమ్మినవారు ఆమెకు చెప్పలేదు. నా కోపమంతా వారి మీదే.

వెనుక వరుసలో కూర్చున్న అక్కలకు వినిపిస్తోందా? పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే ముందు ఓఆర్‌ఎస్, దానితో పాటు 14 రోజులు జింక్. తల్లిపాలు, తిండి ఆపవద్దు. నెత్తురు పడినా, పిల్లవాడు మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ప్రోబయోటిక్స్ వృథా అని నేను అనడం లేదు. యాంటీబయోటిక్ పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపడం వల్ల వచ్చే విరేచనాలను ల్యాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ, శాకరోమైసిస్ బౌలార్డీ వంటి రకాలు తగ్గించగలవని పరిశోధనలు చూపాయి. అయితే వాంతులు, విరేచనాలతో వచ్చిన పిల్లలకు ల్యాక్టోబాసిల్లస్ రకాలు ఇచ్చి చూసిన అమెరికా, కెనడా పరిశోధనలు రెండింటిలోనూ ప్రయోజనం కనబడలేదని 2018లో ప్రచురించారు. ఒక రకం చేసే పని మరొకటి చేయదు. నెలలు నిండక పుట్టిన శిశువులకు, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి డాక్టర్‌ను అడగకుండా అసలే ఇవ్వరాదు.

మన జొన్న గట్కలో పోసుకునే సల్ల మంచిదే. పాలు పడనివారికి కూడా పెరుగు అరగడానికి కారణం, అందులోని బ్యాక్టీరియా పాల చక్కెరను అరిగించడంలో తోడ్పడటమే. కాచిన మజ్జిగచారులో మాత్రం అవి బతకవు.

మందుల దుకాణాలవారు పొడి అమ్మేటప్పుడు అందులోని రకం, గడువు తేదీ, కలుపుకునే పద్ధతి చెప్పాలని, విరేచనాలకు ఓఆర్‌ఎస్ ఇవ్వకుండా ఎవరినీ పంపకూడదని కోరుతూ ఒక వినతిపత్రం రాసుకొచ్చాను. భోజనాలకు లేచే ముందు దయచేసి అందరూ దాని మీద సంతకాలు చేయండి.