రైల్లో అందరూ మననే చూస్తున్నారా? అనుమానాన్ని వీఆర్‌తో ఎలా కొలుస్తారంటే

హాయ్ అండీ, ఈరోజు టాపిక్ కాస్త వెరైటీ. బస్సులో కూర్చున్నారు, వెనక సీట్లో ఇద్దరు కిసుక్కున నవ్వారు, మనల్ని చూసే నవ్వారేమో అని డౌట్. అది నిజమా కాదా ఎవరు తేలుస్తారు చెప్పండి? డాక్టర్‌కి చెప్పుకున్నా ఆయన ఆ బస్సులో లేడు కదా. సైకియాట్రీలో ఇదో పాత తలనొప్పి, పేషెంట్ గుర్తున్నంతవరకు చెప్పింది వినాలి, ఫారంలో టిక్కులు చూడాలి, పైగా ఒక్కోసారి ఆ మనిషి చెప్పేది నిజమే అవ్వచ్చు, ఎవరో కావాలనే ఏడిపిస్తూ ఉండొచ్చు.

సరిగ్గా ఇక్కడే వీఆర్ హెడ్‌సెట్ పనికొచ్చింది. వీఆర్ అంటే వర్చువల్ రియాలిటీ, కళ్లకి తగిలించుకుంటే కంప్యూటర్ చూపించే చోట్లో నిజంగా ఉన్నట్టే అనిపిస్తుంది.

(స్క్రీన్ మీద: రైలు బోగీ యానిమేషన్)

డేనియల్ ఫ్రీమన్ అని బ్రిటన్ సైకాలజిస్ట్, అప్పట్లో లండన్ కింగ్స్ కాలేజీలో ఉండేవారు, తర్వాత ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. ఆయన టీమ్ కంప్యూటర్‌లో లండన్ అండర్‌గ్రౌండ్, అంటే అక్కడి మెట్రో రైలు, బోగీ ఒకటి తయారుచేసి, మామూలు జనంలోంచి 200 మందికి హెడ్‌సెట్ పెట్టి అందులో తిప్పింది, 2008లో వచ్చిన స్టడీ ఇది. నాలుగైదు నిమిషాల ప్రయాణం. ఒకడు పేపర్ చదువుకుంటుంటాడు, ఇంకొకడు అప్పుడప్పుడు తలెత్తి చూస్తాడు, అంతే. ఎవరూ తిట్టరు, గుర్రుగా చూడరు, అసలు ఆ బొమ్మల్ని డిజైన్ చేసిందే ఏ భావమూ లేకుండా ఉండేలా. అయినా సరే దాదాపు 40 శాతం మందికి కనీసం ఒక్కసారైనా "వీడికి నా మీద ఏదో ఉంది" అనిపించింది. అదే బోగీలో అవే మొహాల్ని చూసి, భలే ఫ్రెండ్లీగా ఉన్నారు అన్నవాళ్లూ ఉన్నారు!

కిటుకంతా ఇదేనండీ. సీన్ అందరికీ ఒకటే, అందులో దురుద్దేశం లేదని ముందే తెలుసు, కాబట్టి ఎవరికైనా కీడు కనిపించిందంటే అది ఆ మనిషి లోపల్నుంచే వచ్చినట్టు లెక్క. హెడ్‌సెట్ తీయగానే ఫారం ఇస్తారు, అందులో అనుమానం మీదే కాకుండా మామూలు వాక్యాలు, మంచి వాక్యాలు కూడా కలిపి ఉంటాయి. ఆందోళన ఎక్కువున్నవాళ్లకి, తమని తాము తక్కువగా చూసుకునేవాళ్లకి అనుమానం ఎక్కువ వచ్చినట్టు తేలింది.

నాకు ఇంకా నచ్చింది తర్వాత చేసిన ఇంకో స్టడీ. 60 మంది ఆడవాళ్లని అదే రైల్లో రెండుసార్లు ఎక్కించారు, ఒకసారి వాళ్ల మామూలు ఎత్తులో, ఇంకోసారి కళ్ల ఎత్తుని 25 సెంటీమీటర్లు తగ్గించి. పొట్టిగా ఉన్నప్పుడు అనుమానం పెరిగింది, తమ మీద తమకున్న చులకన కూడా పెరిగింది. ఎత్తు తగ్గించారని చాలామంది గమనించనేలేదట!

(స్క్రీన్ మీద: స్టాండ్ మీద 360 డిగ్రీల కెమెరా)

ఇప్పుడు 360 డిగ్రీల వీడియో సంగతి, అంటే చుట్టూ అన్నివైపులా ఒకేసారి తీసే వీడియో. బొమ్మలు గీయక్కర్లేదు, నిజం మనుషుల్నే కూర్చోబెట్టి షూట్ చేసేస్తే సరి, ఖర్చు బాగా తగ్గుతుంది, మన సెట్విన్ బస్సులోనో ఆర్టీసీ బస్టాండ్‌లోనో తెలుగు మాటల మధ్యే తీయొచ్చు. లండన్ బోగీలో మనవాడు కంగారుపడితే అది అనుమానమో కొత్త చోటు బెరుకో ఎలా తెలుస్తుంది? కానీ చిక్కులున్నాయి. వీడియోలో మనం నడవలేం, కెమెరా ఎక్కడుంటే అక్కడే తల తిప్పి చూడాలి. యాక్టర్లని "ఏ ఎక్స్‌ప్రెషనూ పెట్టకు" అంటే ఇంకా కోపంగా కనిపిస్తారు, ట్రై చేసి చూడండి. పైగా ఇందాకటి 25 సెంటీమీటర్లు గుర్తుందిగా, స్టాండ్ ఏ ఎత్తులో పెట్టామన్నదే రిజల్ట్‌ని మార్చేయొచ్చు, ఆరడుగుల కెమెరామ్యాన్ తన సౌకర్యానికి పెట్టేస్తే కుదరదు.

ఇంకోటి, కొంతమందికి హెడ్‌సెట్ పెడితే కళ్లు తిరుగుతాయి, వికారం వస్తుంది, దాన్ని ఆందోళన అనుకుని లెక్కేస్తే తప్పు. ఇంట్లో గేమ్స్ హెడ్‌సెట్‌తో మీకు మీరే టెస్ట్ పెట్టేసుకోకండి, ఇది డాక్టర్ మాట్లాడి తెలుసుకునేదానికి తోడుగా వాడేది మాత్రమే. నిజంగా ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. ఎర్రగడ్డ పేరు చెప్పి జోకులేసే బ్యాచ్‌ని పట్టించుకోవద్దు.

పిల్లల ఏకాగ్రత చూడ్డానికి వీఆర్‌లో క్లాస్‌రూమే కట్టేశారు, అది నెక్స్ట్ వీడియోలో.