పోలీసు హీరో తుపాకీలో తూటాలు ఎందుకు అయిపోవు?

నమస్కారం అండీ. ముందే చెప్పేస్తున్నా, ఇవాళ నేను కాస్త మంటమీదున్నాను.

క్రితం వీడియోలో నేనన్నది ఒకే ఒక్క మాట. పోలీస్ థ్రిల్లర్, హీరో చేతిలో గ్లాక్ 17 పిస్తోలు, క్లైమాక్స్ అంతా దాంతోనే కాల్చాడు, ఒక్కసారి కూడా మ్యాగజైన్, అంటే పిడిలో ఉండే తూటాల డబ్బా, మార్చలేదు. ఇదీ నేనన్నది. దానికి నన్ను ఉతికి ఆరేశారు. సినిమాని సినిమాలా చూడమని ఒకరు, నువ్వేమైనా మిలిటరీలో చేశావా అని ఇంకొకరు. చేయలేదండీ. లెక్కపెట్టడం మాత్రం వచ్చు. 17 దాకా లెక్కపెట్టడానికి మిలిటరీలో చేరక్కర్లేదు కదా!

ఆ పిస్తోలు మామూలు మ్యాగజైన్‌లో పట్టేవి 17 తూటాలు. చాంబర్‌లో, అంటే తూటా పేలే గదిలో, ముందే ఒకటి ఉంచుకుంటే 18. పొడుగు మ్యాగజైన్లు లేవా అంటారేమో, 33 పట్టేవి కూడా ఉన్నాయి. కానీ అవి పిడి కిందికి వేలాడుతూ కళ్లకి కనిపిస్తాయి. మనవాడి పిడి కింద ఏమీ వేలాడట్లేదు. నేను మూడుసార్లు ఆపి మరీ చూశాను.

సరే, తప్పు పట్టుకోవడం పెద్ద విషయం కాదు. ఎవరైనా పట్టుకుంటారు. నేను చెప్పేది దానికంటే పెద్దది. రాసుకోండి: తూటాలు అయిపోని సినిమాలో టెన్షన్ ఉండదు. ఉండదు అంటే ఉండదు. మ్యూజిక్ ఎంత మోగించినా, కెమెరా ఎంత ఊపినా సరే.

నమ్మరా? 1971లో వచ్చిన డర్టీ హ్యారీ గుర్తు తెచ్చుకోండి. క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో స్మిత్ అండ్ వెసన్ మోడల్ 29. .44 మ్యాగ్నమ్ రివాల్వర్, పట్టేవి ఆరంటే ఆరే. దెబ్బ తిని పడున్న దొంగ చేతికి అందేంత దూరంలో వాడి తుపాకీ ఉంది. ఈయన వాడి ముందు నిలబడి, నేను కాల్చింది ఆరా, ఐదా అన్న అనుమానం వాడి బుర్రలో పెడతాడు. ఆ సీన్‌లో ఉన్నది అంతే. వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాక తెలుస్తుంది, రివాల్వర్ ఖాళీ! ఖాళీ తుపాకీతో గెలిచాడండీ ఆ పోలీసు. ఇప్పుడు అదే సీన్‌ని ఎన్నిసార్లు కాల్చినా అయిపోని తుపాకీతో ఊహించుకోండి. అనుమానమే లేదు, ఇంక సీన్ ఎక్కడిది? ఆరు అనే అంకెని తీసేస్తే ఆ సినిమాలో అంత పేరున్న ఘట్టమే లేదు.

ఇక హీట్. 1995, మైకేల్ మాన్ తీసింది. దీని గురించి మాట్లాడకపోతే నాకు నిద్ర పట్టదు. లాస్ ఏంజెలెస్ నడిబొడ్డున, బ్యాంకు దోచుకుని బయటికొచ్చిన ముఠాకీ పోలీసులకీ రోడ్డు మీద కాల్పులు. రాబర్ట్ డి నీరో, వాల్ కిల్మర్ చేతుల్లో కోల్ట్ కార్బైన్లు, అంటే పొట్టి గొట్టం రైఫిళ్లు. టామ్ సైజ్‌మోర్ చేతిలో ఇజ్రాయెల్ వాళ్ల గలీల్ రైఫిల్. పోలీసు అల్ పచీనో చేతిలో బెల్జియం ఎఫ్‌ఎన్‌సీ రైఫిల్.

ఇప్పుడు చిన్న లెక్క చేద్దాం. ఆ కోల్ట్ జాతి తుపాకీ ఆటోమేటిక్‌లో నిమిషానికి 700కి పైగా తూటాలు వదులుతుంది. మ్యాగజైన్‌లో పట్టేవి 30. అంటే ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే మూడు సెకన్లలోపు ఖాళీ! మూడు సెకన్లు. నేను "నమస్కారం అండీ" అనేలోపు అయిపోయింది. అలాంటి తుపాకీతో మూడు నిమిషాలు ఆపకుండా కాల్చే హీరోలని మనం చూశాం, చప్పట్లు కొట్టాం కూడా. నేనూ కొట్టాను, ఒప్పుకుంటున్నా. అప్పుడు చిన్నవాణ్ణి.

హీట్‌లో ఏం చేశారు? వాల్ కిల్మర్ కాలుస్తాడు. ఖాళీ అవుతుంది. పాతది తీసి కొత్త మ్యాగజైన్ పెట్టి మళ్లీ మొదలుపెడతాడు. రెప్ప వేసేంతలో అయిపోయే పని. దాని గురించి ఇన్నేళ్ల తర్వాత కూడా మాట్లాడుకుంటున్నామా లేదా? నటులకి శిక్షణ ఇచ్చినవాళ్లలో బ్రిటిష్ సైన్యంలోని ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్‌లో ఒకప్పటి సైనికుడు ఆండీ మెక్‌నాబ్ ఉన్నాడు. చేతులు ఊరికే కదలట్లేదు అక్కడ, అలవాటుపడి కదులుతున్నాయి. కాల్పుల శబ్దం కూడా తర్వాత స్టూడియోలో అతికించింది కాదు. షూటింగ్‌లో ఆ భవనాల మధ్య నిజంగా మోగిన మోతనే వాడారు. అందుకే చెవులు పగిలిపోతున్నట్టు ఉంటుంది.

ఇక్కడే నా సిద్ధాంతం. నవ్వకండి, రెండేళ్లుగా దీని మీదే ఉన్నాను. తూటాలు అయిపోతేనే సినిమాలో స్నేహం కనపడుతుంది. ఎందుకంటే మ్యాగజైన్ మార్చే ఆ రెండు సెకన్లు చేతిలో తుపాకీ ఉన్నా మనిషి నిరాయుధుడే. అప్పుడు వాణ్ణి ఎవరో ఒకరు కాయాలి. హీట్ మళ్లీ చూడండి, ఒకడు కాలుస్తుంటే ఇంకొకడు కదులుతాడు. వాడు ఆగాక వీడు కాలుస్తాడు. ఆ నడకంతా మ్యాగజైన్ ఖాళీ అవుతుందన్న భయం నేర్పిన నడక. వాళ్లు ఒకరినొకరు ఎంత నమ్ముకున్నారో చెప్పడానికి డైలాగ్ ఒక్కటి కూడా అక్కర్లేదు.

మరి అయిపోని తుపాకీ ఉన్న హీరోకి పక్కన మనిషి ఎందుకు? అక్కర్లేదు! అందుకే ఆ సినిమాల్లో స్నేహితుడైన పోలీసు ఏ పనీ లేక జోకులేసుకుంటూ తిరిగి, సగం సినిమాకి చచ్చిపోతాడు. పాపం, వాణ్ణి చంపింది విలన్ అనుకుంటారు మీరు. కాదు. హీరోగారి తరగని మ్యాగజైన్!

ఒక్క నిమిషం, పక్కకి వెళ్తున్నా. ఆ "టిక్" శబ్దం సంగతేంటి? హీరో గ్లాక్ ఎత్తి విలన్ తలకి గురిపెట్టగానే హ్యామర్, అంటే తుపాకీ వెనక ఉండే చిన్న సుత్తి, వెనక్కి లాగిన శబ్దం వస్తుంది. బాబూ, గ్లాక్‌కి బయట హ్యామరే లేదు! అది లోపలే దాగి ఉండే స్ట్రైకర్ అనే సూదితో పనిచేసే తుపాకీ. మరి ఏం టిక్కుమంది, హీరో మోకాలా? ఇంకొకటి, బెదిరించే ప్రతిసారీ స్లైడ్, అంటే పిస్తోలు పైన జరిగే భాగం, వెనక్కి లాగుతారు. లోపల తూటా ఉంటే అది ఎగిరి కింద పడాలి. పడలేదంటే అర్థమేంటి? ఇందాకటి నుంచి తలుపులు తన్నుకుంటూ ఇల్లంతా వెతికింది చాంబర్ ఖాళీగా ఉన్న తుపాకీతోనా? సైలెన్సర్ గురించి అడక్కండి, అది ఇంకో వీడియో. తుపాకీకి అది తగిలిస్తే మోత తగ్గుతుంది గానీ పిల్లి తుమ్మినట్టు వినపడదు. అంతవరకు గుర్తుపెట్టుకోండి.

సరే, అసలు సంగతికి వద్దాం. నిజంలో తూటా సరిపోకపోతే ఏమవుతుందో లాస్ ఏంజెలెస్ పోలీసులకే తెలుసు. 1997 ఫిబ్రవరి 28, నార్త్ హాలీవుడ్‌లో బ్యాంకు దోపిడీ. ఇద్దరు దొంగలు, ఒంటి నిండా కవచం, చేతుల్లో ఆటోమేటిక్ రైఫిళ్లు. పోలీసుల దగ్గర పిస్తోళ్లు, షాట్‌గన్లు. ఆ తూటాలు కవచాన్ని దాటలేదు. 44 నిమిషాలు సాగింది. పోలీసులు దగ్గర్లో ఉన్న తుపాకుల షాపుకి వెళ్లి రైఫిళ్లు తెచ్చుకున్నారు! సినిమాలో రాస్తే "ఓవర్" అంటారు మీరు. కానీ చేతిలో ఉన్నది చాలట్లేదని తెలిసి కూడా అక్కడి నుంచి కదలని పోలీసు ఉన్నాడే, వాడి మీద సినిమా తీయండి, మొదటి టికెట్ నేను కొంటాను.

ఇంకో వాదన వచ్చింది, ఇది కాస్త ఆలోచించాల్సిందే. "సెట్‌లో నిజం తుపాకులు ప్రమాదం, ఇప్పుడంతా గ్రాఫిక్స్, రీలోడ్ ఎలా చూపిస్తారు" అని. ప్రమాదం అన్నది నూరుపాళ్లు నిజం. 1993లో నటుడు బ్రాండన్ లీ షూటింగ్‌లోనే తూటా తగిలి చనిపోయాడు. 2021లో రస్ట్ అనే సినిమా సెట్‌లో కెమెరా చూసే హలీనా హచిన్స్ చనిపోయింది. ఒక సీన్ కోసం మనిషి ప్రాణం పోవడం ఏంటి? నిప్పు, మెరుపు గ్రాఫిక్స్‌లో పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మ్యాగజైన్ మార్చడానికి మందుగుండు ఎందుకండీ? ఖాళీ డబ్బా కింద పడాలి, కొత్తది లోపలికి వెళ్లాలి. బొమ్మ తుపాకీతో కూడా చేయొచ్చు! పిస్తోలు ఖాళీ కాగానే స్లైడ్ వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోతుంది, నోరు తెరుచుకున్నట్టు. అది చూసిన హీరో మొహం మీద ఒక్క క్లోజప్ వేయండి. హాల్లో గాలి ఆగిపోతుంది. బడ్జెట్ ఎంత? సున్నా.

వాదనలు చాలు. క్రితం వీడియోలో చెప్పిన ఆ క్లైమాక్స్ సౌండు మాత్రం పెడుతున్నా, నాతోపాటు లెక్కపెట్టండి. 1, 2, 3... ఇక్కడ ఏడుపు డైలాగ్ ఉంది, దాటేద్దాం... 9, 10... 16, 17. చాంబర్‌లో ఒకటి ఉందనుకుందాం, పోనీ, 18. ఇప్పుడు మార్చాలి. మారుస్తాడు చూడండి... మారుస్తాడు...

19.