ఫోన్‌ని మానిటర్‌కి తగిలిస్తే ల్యాప్‌టాప్ అవసరం తీరుతుందా? హన్మకొండ నుంచి రివ్యూ

నమస్తే అందరికీ. హన్మకొండ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వీడియో ముఖ్యంగా నయీంనగర్, కిషన్‌పుర రూముల్లో ఉంటూ డిగ్రీ, పీజీ చదువుతున్నవాళ్ల కోసం, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం. చేతిలో మంచి ఫోన్ ఉంటుంది, ల్యాప్‌టాప్ ఉండదు. ప్రాజెక్ట్ రిపోర్ట్ టైప్ చేయాలంటే నెట్ సెంటర్‌కి పోవాలి, లేదంటే రూమ్మేట్ ల్యాప్‌టాప్ ఖాళీ అయ్యేదాకా ఆగాలి. ఇంట్లో అడుగుదామంటే నాన్నకి ఇప్పటికే ఫీజుల టెన్షన్. అందుకే ఉన్న ఫోన్‌తోనే ఎంత దూరం పోవచ్చో ఇవాళ చూద్దాం.

టేబుల్ మీద ఏమున్నాయో చూడండి. శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్23 ఫోన్. ఒక టైప్-సి హబ్, అంటే ఫోన్‌కి ఉన్న ఒక్క పోర్ట్ నుంచి మానిటర్‌కి, కీబోర్డ్‌కి, మౌస్‌కి పోర్టులు ఇచ్చే చిన్న డబ్బా. 22 ఇంచుల మానిటర్. మామూలు వైర్ కీబోర్డ్, మౌస్. ఇప్పుడు హబ్‌ని ఫోన్‌కి పెడుతున్నాను... వచ్చింది చూడండి. మానిటర్ మీద కింద టాస్క్‌బార్, పైన ఐకాన్లు. శామ్‌సంగ్ ఫోన్లలో దీన్ని డెక్స్ అంటారు. యాప్‌లు విండోలుగా తెరుచుకుంటాయి. ఎడమ పక్కన పీడీఎఫ్, కుడి పక్కన గూగుల్ డాక్స్ పెట్టాను. కంట్రోల్ సి, కంట్రోల్ వి, ఆల్ట్ ట్యాబ్ అన్నీ పనిచేస్తున్నాయి. ఫోన్ స్క్రీన్ ఇటు ఖాళీగానే ఉంది, అమ్మ ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడవచ్చు. అక్కడ రాస్తున్నది అక్కడే ఉంటుంది. నెట్ కోసం హాట్‌స్పాట్ పెట్టే పని కూడా లేదు, సిమ్ ఉన్నది ఇందులోనే కదా.

చూడ్డానికి ఇంత సులువుగా ఉంది. మరి అందరి ఫోన్లలో ఎందుకు రాదు? నేను ఈ వీడియో చేయడానికి అసలు కారణం ఇదే. చాలామంది హబ్ కొని, తగిలించి, బొమ్మ రాక, హబ్ పాడైందని తిరిగి పంపేస్తున్నారు. తేడా హబ్‌లో లేదు, ఫోన్ పోర్ట్‌లో ఉంది.

ఇప్పుడొచ్చే ఫోన్లన్నింటికీ కింద టైప్-సి పోర్టే ఉంటుంది. బయటికి అన్నీ ఒకటే. లోపల మాత్రం తేడా. టైప్-సి పోర్ట్‌లో మొత్తం 24 పిన్నులు. చార్జింగ్‌కి, మామూలు డేటాకి వాటిలో కొన్ని చాలు. మానిటర్‌కి బొమ్మ పోవాలంటే స్పీడ్ ఎక్కువ ఉండే వేరే జతల పిన్నులు కావాలి. ఆ పద్ధతి పేరు డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్. తక్కువ ధర ఫోన్లలో ఖర్చు తగ్గించడానికి కంపెనీలు ఆ జతలకి లోపల కనెక్షన్ ఇవ్వవు. యూఎస్‌బీ 2.0 అని మాత్రమే రాసి ఉండి, డిస్‌ప్లేపోర్ట్ అన్న మాట లేకపోతే ఆ పోర్ట్ నుంచి ఇట్లా మానిటర్‌కి బొమ్మ రాదు. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో వచ్చేది కాదు, ఏ యాప్ వేసినా వచ్చేది కాదు.

ఇంకో మాట. ఓటీజీ ఉంది కదా అన్నా అని అడుగుతారు. ఓటీజీతో పెన్‌డ్రైవ్, మౌస్, కీబోర్డ్ పనిచేస్తాయి. దానికీ వీడియోకీ సంబంధం లేదు. మీ ఫోన్ స్పెసిఫికేషన్ పేజీలో యూఎస్‌బీ అనే లైన్ దగ్గరకి పోయి డిస్‌ప్లేపోర్ట్ అన్న మాట ఉందా లేదా చూడండి. ఉంటేనే ముందుకు పోండి. కేబుల్ విషయంలో కూడా ఇదే జాగ్రత్త. ఫోన్‌తో పాటు వచ్చే చార్జింగ్ కేబుల్‌లో చాలాసార్లు ఆ స్పీడ్ వైర్లు ఉండవు. టైప్-సి మానిటర్‌కి ఆ కేబుల్ పెట్టి బొమ్మ రావట్లేదని కంగారు పడకండి.

ఏ ఫోన్లలో వస్తుందో చెప్పేస్తాను. శామ్‌సంగ్‌లో ఎస్ సిరీస్ ఎస్8 నుంచి, నోట్ సిరీస్‌లో నోట్ 8 నుంచి, ఫోల్డ్ ఫోన్లు. గెలాక్సీ ఏ (A) సిరీస్, ఎం (M) సిరీస్‌లో దాదాపు రాదు, మన దగ్గర ఎక్కువ మంది చేతుల్లో ఉండేవి అవే కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నాను. మోటోరోలా ఎడ్జ్‌లో కొన్ని మోడళ్లకి ఉంది, మొదట రెడీ ఫర్ అనేవాళ్లు, ఇప్పుడు స్మార్ట్ కనెక్ట్ అంటున్నారు. పిక్సెల్ 8 నుంచి వీడియో బయటికి వస్తుంది. ఐఫోన్ 15 నుంచి టైప్-సి వచ్చింది కాబట్టి మానిటర్‌కి తగులుతుంది, కానీ ఫోన్‌లో ఏం కనిపిస్తుందో అదే కనిపిస్తుంది, ఇట్లా టాస్క్‌బార్, విండోలు రావు.

ఈ ఆలోచన కొత్తదేం కాదు. 2011లో మోటోరోలా ఏట్రిక్స్ అనే ఫోన్‌కి ల్యాప్‌టాప్ ఆకారంలో ఒక డాక్, అంటే ఫోన్‌ని తగిలించి వాడే పరికరం, ఇచ్చింది. 2013లో ఉబుంటు ఎడ్జ్ అనే ఫోన్ కోసం జనం నుంచి 3.2 కోట్ల డాలర్లు సేకరించాలని చూశారు, అంత రాలేదు, ఫోన్ బయటికే రాలేదు. 2015లో మైక్రోసాఫ్ట్ లూమియా 950లో కాంటినమ్ తెచ్చింది, దాంట్లో నడిచే యాప్‌లే తక్కువ. 2017లో ఎస్8తో డెక్స్ వచ్చినప్పుడు దానికి ప్రత్యేకంగా డాక్ కొనాల్సి వచ్చేది. 2018లో నోట్ 9 నుంచి మామూలు కేబుల్ చాలు అన్నారు. నా దృష్టిలో ఇది మనలాంటివాళ్లకి పనికొచ్చేదిగా మారింది అప్పుడే. 2025 మేలో గూగుల్ కూడా శామ్‌సంగ్‌తో కలిసి ఆండ్రాయిడ్ 16లోనే డెస్క్‌టాప్ విండోలు తెస్తున్నామని ప్రకటించింది. అంటే ఇది ఒక్క కంపెనీ దగ్గరే ఆగిపోయే విషయం కాదు, నాకు చాలా సంతోషంగా అనిపించిన వార్త అది.

సరే, పనుల్లోకి వద్దాం. దోస్త్‌లో డిగ్రీ అడ్మిషన్ ఫారం, ఈపాస్ స్కాలర్‌షిప్ ఫారం లాంటివి ఫోన్‌లో నింపుతుంటే ఎంత చిరాకో మీకు తెలుసు. ఇక్కడ బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ పెట్టుకుంటే ఫారం వెడల్పుగా కనిపిస్తుంది. మెమో ఫొటో, కులం సర్టిఫికెట్, ఆధార్ అన్నీ ఫోన్ గ్యాలరీలోనే ఉంటాయి, అప్‌లోడ్ చేయడానికి ఎక్కడికీ పంపుకోనక్కర్లేదు. ఓటీపీ కూడా పక్కనే వస్తుంది. ఆన్‌లైన్ క్లాస్ ఒక విండోలో, నోట్స్ ఇంకో విండోలో పెట్టుకుని చదివితే కళ్లకి ఎంతో హాయి. రిపోర్ట్ అయ్యాక ప్రింటర్ గురించి ఆలోచించకండి, పీడీఎఫ్ చేసి కేయూ క్రాస్ రోడ్డు దగ్గర జిరాక్స్ షాపుకి వాట్సాప్‌లో పంపితే సరిపోతుంది.

తెలుగులో రాసేవాళ్లకి నా పద్ధతి చెప్తాను. తెలుగు పేరాలు ఫోన్ మీద జీబోర్డ్‌లో వాయిస్ టైపింగ్‌తో చెప్పి, అక్షర దోషాలు మానిటర్ మీద చూసి దిద్దుతాను. రెండూ ఒకే ఫోన్ కాబట్టి ఫైల్ అటూ ఇటూ పంపే పని ఉండదు.

ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు టెర్మక్స్ అనే యాప్ వేసుకుంటే పైథాన్, సి, గిట్ నడుస్తాయి. ల్యాబ్ ప్రోగ్రాములకి ఇది చాలు. ఆండ్రాయిడ్ స్టూడియో మాత్రం ఫోన్ మీద నడవదు.

ఇక్కడ సూటిగా చెప్పాల్సిన మాటలున్నాయి. ఇది విండోస్ కాదు. బీకామ్ వాళ్లు ట్యాలీ నేర్చుకోవాలంటే దీంతో కుదరదు. సివిల్, మెకానికల్ వాళ్ల ఆటోక్యాడ్ డెస్క్‌టాప్ వెర్షన్ కుదరదు. డీటీపీ పని చేసేవాళ్లు, ఫ్లెక్సీలు డిజైన్ చేసేవాళ్లు వాడే అను ఫాంట్లు, పేజ్‌మేకర్ కుదరవు. ఎక్సెల్ ఉంది కదా అంటారు, ఉన్నది ఫోన్ ఎక్సెల్. మార్కుల పట్టిక, ఖర్చుల లెక్క వేసుకోవచ్చు, మ్యాక్రోలు నడవవు. మీ కోర్సులో ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే ఫోన్ మీద ఖర్చు పెట్టకుండా ఆ డబ్బు సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌కి దాచుకోండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

వేడి సంగతి. మన ఏప్రిల్, మే ఎండల్లో ఫోన్ చార్జింగ్ అవుతూ, మానిటర్ నడుపుతూ, వీడియో క్లాస్ కూడా ఆడిస్తే బాగా కాలుతుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది, విండోలు జరపడం బరువైపోతుంది. కవర్ తీసేయండి. పరుపు మీద, దిండు మీద పెట్టకండి. టేబుల్ మీద ఫ్యాన్ గాలి తగిలేలా పెట్టండి. ఎండాకాలం మధ్యాహ్నాలు నేను రాయడం, చదవడం వరకే పెట్టుకుంటాను, వీడియో ఎడిటింగ్ లాంటివి రాత్రికి వదిలేస్తాను.

కరెంటు పోతే మాత్రం డెస్క్‌టాప్ కన్నా ఇదే నయం. మానిటర్ ఆరిపోతుంది, అంతే. ఫోన్‌కి బ్యాటరీ ఉంది, మీరు రాసిన పేరా ఎక్కడికీ పోదు.

మానిటర్ లేనివాళ్లు ఇంట్లో టీవీ వాడొచ్చు. హెచ్‌డీఎంఐ పోర్ట్ ఉంటే చాలు. స్క్రీన్ అంచులు కోసుకుపోయినట్టు కనిపిస్తే టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో స్క్రీన్ ఫిట్ లాంటి ఆప్షన్ వెతకండి. మౌస్ వెనకబడి కదులుతుంటే గేమ్ మోడ్ పెట్టండి. వైర్ లేకుండా కూడా టీవీకి పంపొచ్చు, కానీ టైప్ చేసిన అక్షరం ఆలస్యంగా కనిపిస్తుంది, రాసే పనికి నేను వద్దంటాను. పాత వీజీఏ మానిటర్ మూలన పడి ఉంటే హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే అడాప్టర్‌తో దాన్ని కూడా లేపొచ్చు.

హబ్ కొనేటప్పుడు మూడు చూడండి: హెచ్‌డీఎంఐ, రెండు యూఎస్‌బీ పోర్టులు, పీడీ చార్జింగ్ (హబ్ ద్వారానే ఫోన్ చార్జ్ అయ్యే వీలు). ఫోన్‌కి ఉన్నది ఒక్క పోర్టే కాబట్టి పీడీ లేని హబ్ కొంటే పని మధ్యలో చార్జింగ్ పెట్టే దారి ఉండదు. వెయ్యిన్నర నుంచి రెండున్నర వేల మధ్యలో మంచివి దొరుకుతాయి. 4కె అని పెద్ద అక్షరాలతో ఉన్నా చాలా హబ్‌లు 4కె దగ్గర 30 హెర్ట్జే ఇస్తాయి, అంటే సెకనుకి 30 సార్లే బొమ్మ మారుతుంది, మౌస్ కదలిక ముక్కలు ముక్కలుగా ఉంటుంది. 1080పి, 60 హెర్ట్జ్ పెట్టుకోండి, చదవడానికి రాయడానికి అదే బాగుంటుంది.

నా తీర్పు. మీ దగ్గర ఇప్పటికే డిస్‌ప్లేపోర్ట్ ఉన్న ఫోన్ ఉంటే హబ్, కీబోర్డ్, మౌస్ కొనుక్కుని రేపే మొదలుపెట్టండి, పీజీ అయ్యేదాకా రాతపనికి ఢోకా లేదు. దీని కోసమని అప్పు చేసి కొత్త ఎస్ సిరీస్ ఫోన్ కొనకండి, ఆ డబ్బుకి ల్యాప్‌టాప్ వస్తుంది. ఇంట్లో అన్నయ్య వాడి పక్కన పెట్టిన పాత ఎస్ సిరీస్, డిస్‌ప్లే పగిలినా టచ్ పనిచేసేది ఉంటే మాత్రం దాన్ని అమ్మొద్దు. దాన్నే టేబుల్ మీద కంప్యూటర్‌గా ఉంచేయండి.

సెకండ్ హ్యాండ్ ఫోన్ ఈ పని కోసమే కొనేవాళ్లు షాపుకి హబ్ వెంట తీసుకెళ్లండి. షాపులో టీవీ ఉంటుంది. తగిలించి చూపించమని అడగండి, బొమ్మ వచ్చాకే డబ్బులివ్వండి. ఉంటాను మరి.