నిద్ర మూలికలు, గర్భస్థ శిశువు మెదడు

సభలోని పెద్దలకు, కాబోయే తల్లులకు నమస్కారం.

నెలలు నిండేకొద్దీ నిద్ర కరవవడం మామూలే. డాక్టరు నిద్రమాత్రలు వద్దన్న రోజున, "ఇది మందు కాదు, వట్టి వేరే కదా" అంటూ వలేరియన్ అనే మూలిక వేరు కషాయం తెచ్చిచ్చేవారు ఎవరో ఒకరు ఉంటారు. ఆ 'వట్టి' అన్న మాటతోనే నాకు పేచీ. దానివల్ల నిద్ర వస్తోందంటే, అందులోని పదార్థమేదో మెదడు దాకా వెళ్లి పని చేస్తోందనే కదా.

వలేరియన్ వేరులోని వలేరెనిక్ ఆమ్లం, నాడీకణాల మీద ఉండి గాబా అనే మెదడు రసాయనాన్ని అందుకునే గ్రాహకాల పనితీరును పెంచుతుందని ప్రయోగశాలల్లో తేలింది. పెద్దవాళ్ల మెదడులో గాబా కళ్లెంలా పనిచేసి కణాల ఉద్రేకాన్ని తగ్గిస్తుంది. పిండం మెదడులో సంగతి వేరు. అక్కడి లేత కణాల్లో క్లోరైడ్‌ను బయటికి తోడే కేసీసీ2 అనే ప్రోటీను ఇంకా తగినంత ఉండదు కాబట్టి, లోపల క్లోరైడ్ పేరుకుని ఉంటుంది; గాబా తగిలి గ్రాహకంలోని ద్వారం తెరుచుకోగానే అది బయటికి పోయి, శాంతించవలసిన కణం కాస్తా ఉత్తేజితమవుతుంది. కణాలు పుట్టిన చోటు నుంచి తమ పొరకు వలస వెళ్లడానికీ, ఒకదానితో ఒకటి కలుపుకోవడానికీ దారి చూపే సంకేతాల్లో ఈ ఉత్తేజం ఒకటి. తల్లిని జోకొట్టే పదార్థం మాయను (ప్లాసెంటాను) దాటి బిడ్డను చేరితే ఈ కట్టుబడి పనిలోనే వేలు పెట్టవచ్చు.

గర్భంతో ఉన్న ఎలుకలకు వలేరియన్ ఇచ్చి చూసిన ఒక ప్రయోగంలో పిండాల మెదడులో, ఎదుగుదలకు అవసరమైన జింకు తగ్గింది. ఎలుకను చూసి మనిషికి తీర్పు చెప్పలేం. అయితే గర్భిణులలో జరిగిన పరిశీలనలు మరీ కొద్ది; "హాని కనబడలేదు" అంటే చాలాసార్లు గట్టిగా వెతకలేదనే అర్థం. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్‌ను చీటీ అక్కరలేని నిద్రమాత్రగా అమ్మారు. 1961 నవంబరులో అక్కడి మార్కెట్ నుంచి తీసేసేసరికి, దాన్ని గర్భంతో వాడిన తల్లులకు వేలమంది పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు. అది మూలిక కాదు, నిజమే. కానీ తల్లి హాయిగా నిద్రపోవడం బిడ్డ క్షేమానికి రుజువు కాదని అప్పుడే తెలిసింది.

మూడో నెల దాటితే భయం లేదనేవారూ ఉన్నారు. మెదడు, వెన్నుపాము తయారయ్యే నాడీనాళం మూసుకోవడం ఫలదీకరణ తర్వాత దాదాపు 28 రోజులకే పూర్తవుతుంది గానీ, మెదడు ఎదుగుదల ప్రసవం దాకా, ఆ తర్వాత కూడా సాగుతూనే ఉంటుంది.

చుక్కల మందైతే సీసా తిప్పి, వెనకాల చిన్న అక్షరాలు చదవండి. వేరు సారాన్ని తరచు ఆల్కహాల్‌లోనే తీస్తారు. పిండం మెదడుకు ఆల్కహాల్ చేసే హాని గురించి ఎవరికీ సందేహం లేదు. ఇప్పటికే వాడి ఉంటే కంగారు పడకుండా, ఆ సీసాను డాక్టరుకు చూపించి, ఎన్నో నెలలో, ఎన్ని రోజులు, ఎంత మోతాదులో వాడారో చెప్పండి. మూర్ఛకో దిగులుకో డాక్టరు రాసిన మందులను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.