ఎవరూ చెక్కని ఘనాలు

శ్రోతలందరికీ నమస్కారం.

తిరుపతిలో నాకొక శిల్పి మిత్రుడున్నాడు. నల్లరాతిలో విగ్రహాలు చెక్కడం ఆయన వృత్తి. ఒకరోజు ఆయన అరచేతిలో ఒక చిన్న రాయి పెట్టాను. ఇత్తడి రంగు, ఆరు ముఖాలు, అచ్చం పాచికలా ఉంటుంది. అంచు పొడవు సుమారు రెండు సెంటీమీటర్లు. అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవురు సార్ దీన్ని కొట్టింది? చెయ్యి బాగుంది" అన్నాడు.

"ఎవరూ కొట్టలేదు. రాతిలోంచి ఇట్లాగే బయటికి తీశారు" అన్నాను.

ఆయన నమ్మలేదు. సంచిలోంచి మూలమట్టం తీశాడు. రాయిని ఎండకేసి పట్టుకుని, ఒక్కో అంచుకీ మూలమట్టం ఆనించి ఒక కన్ను మూసి చూశాడు. ఇనుముకీ రాతికీ మధ్య వెలుతురు దూరలేదు. పన్నెండు అంచులూ చూశాడు. ఆ తర్వాత కంపాస్ తెచ్చి పొడవులు కొలిచాడు. అప్పుడు మొహం మారింది. "మూలలు నిక్కచ్చిగా ఉండాయి సార్. పొడవులే కుదర్లేదు. ఒక పక్క రవ్వంత ఎక్కువుంది. ఇంత మూల తీసినోడు పొడవు తప్పుతాడా?" అని అడిగాడు.

ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఆ రాయి పేరు పైరైట్. ఇనుమూ గంధకమూ కలిసి ఏర్పడిన ఖనిజం. నా దగ్గరున్నది స్పెయిన్ దేశంలోని నవాహున్ అనే ఊరిది. అక్కడ సుద్దలాంటి మెత్తటి రాతిలో ఇలాంటి ఘనాలు పొదిగినట్టు ఉంటాయి. బెంగళూరులో ఒక రాళ్ల వ్యాపారి దగ్గర కొన్నాను. అయితే నా సరదా మొదలైంది దీనితో కాదు, మా ఇంటి ముందు పోయించిన కంకరతో.

నేను భూగర్భశాస్త్రం చదివినవాణ్ణి కాదు. చిత్తూరులో ఖజానా లెక్కలు రాసుకుంటూ ఉద్యోగం గడిపినవాణ్ణి. తిరుపతిలో ఇల్లు కట్టుకునేటప్పుడు స్లాబుకని ఒక లారీ కంకర తోలించాం. ఒక సాయంత్రం కుప్ప మీద నీళ్లు చల్లి ఉంది, ఎండ ఏటవాలుగా పడుతోంది. నల్ల కంకర మధ్య ఒకచోట పసుపుగా తళుక్కుమంది. వంగి తీశాను. నిమ్మకాయంత కంకర రాయి. దాని పగిలిన ముఖం మీద ఆవగింజంత మెరుపు. మా నాన్నగారి భూతద్దం పెట్టి చూస్తే అది గింజ కాదు, చిన్న ఘనం. మూడు ముఖాలు కనిపిస్తున్నాయి, మిగతా మూడూ రాతి లోపల ఉన్నాయి. ఆ రాత్రి అన్నం తింటూ కూడా దాన్ని పక్కనే పెట్టుకున్నాను. మా ఆవిడ "బంగారమేమో చూపించండి" అంది. బంగారం కాదని తర్వాత తెలిసింది. తెలిసినా ఆ రాయి మీద ఇష్టం తగ్గలేదు.

మీ వీధిలో ఎవరైనా ఇల్లు కడుతుంటే, వాళ్లనడిగి కంకర కుప్ప ఒకసారి చూడండి. నల్ల కంకరలో, నల్ల గ్రానైట్ అని మనం పిలిచే రాతిలో పైరైట్ చుక్కలు ఉండటం మామూలే. గ్రానైట్ పని చేసేవాళ్లకి అది తలనొప్పి కూడా. పాలిష్ పట్టిన పలకలో ఆ చుక్క ఉంటే, వానకి తడిసి కొన్నాళ్లకి తుప్పు మరక దిగుతుంది.

కంకర కుప్ప కూడా దొరకనివాళ్లు వంటింట్లోకి వెళ్లండి. కల్లుప్పు జాడీ మూత తీయండి. పిడికెడు ఉప్పు నల్లగుడ్డ మీద పోసి, భూతద్దంతో చూడండి. పెద్ద పలుకుల్లో చాలా వరకు విరిగీ అరిగీ ఉంటాయి. ఓపిగ్గా వెతికితే నలుచదరపు పలుకు ఒకటైనా దొరుకుతుంది. కొన్నింటి ముఖం మధ్యలో మెట్లు మెట్లుగా గుంట ఉంటుంది, మన పాత కోనేరు మెట్లలాగే. అంచులు త్వరగా పెరిగి మధ్యభాగం వెనకబడితే అలా అవుతుంది. చినగంజాం ఉప్పు మడుల్లోనో, నెల్లూరు వైపు ఇసకపల్లి మడుల్లోనో సముద్రపు నీరు ఎండకి ఇగిరిపోతుంటే ఈ ఘనాలు వాటంతట అవే కడతాయి. రైతు నీళ్లు పెడతాడు, పోగు చేస్తాడు. మూలలు తీర్చడం మాత్రం ఆయన పని కాదు.

మరి ఎవరి పని?

ఉప్పులో సోడియం, క్లోరిన్ అని రెండు రకాల పరమాణువులుంటాయి. చదరంగం బల్ల మీద నలుపూ తెలుపూ గళ్లలా అవి ఒకటి మార్చి ఒకటి సర్దుకుంటాయి. బల్ల మీద లాగా రెండు వైపులకే కాదు, ఎత్తు వైపు కూడా. ప్రతి సోడియానికీ నాలుగు దిక్కులా నాలుగు, పైన ఒకటి, కింద ఒకటి, మొత్తం ఆరు క్లోరిన్లు. 1913లో ఇంగ్లండులో బ్రాగ్ అనే తండ్రీకొడుకులు ఎక్స్-కిరణాల పరిశోధన చేస్తున్న రోజుల్లో కొడుకు లారెన్స్ ఈ అమరికను తేల్చాడు. 1915లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి కొడుకు వయసు 25 ఏళ్లు. మన ఉప్పు జాడీలోంచి నోబెల్ వచ్చిందంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పైరైట్‌లో అమరిక ఇంకొంచెం చిక్కుగా ఉంటుంది గాని, అక్కడా కంటికి కనపడని చిన్న ఘనపు గది ఒకటి ఉంది. అదే గది పక్కన గది, గది మీద గది చేరుకుంటూ పోతుంది. ఒక సెంటీమీటరు పైరైట్ అంచు మీద వరసగా ఒక కోటీ 80 లక్షలకు పైగా గదులుంటాయి. అన్నీ ఒకే కొలత, ఒకే మూల. అందుకే బయటి మూల కూడా అంత నిక్కచ్చిగా వస్తుంది.

ఇప్పుడు మా శిల్పి ప్రశ్నకి వద్దాం. మూల ఎందుకు తప్పలేదు, పొడవు ఎందుకు తప్పింది? మూలను నిర్ణయించేది లోపలి అమరిక. పొడవును నిర్ణయించేది ఆ రాయికి దొరికిన చోటు, అందిన పదార్థం. ఒక వైపు ఇనుమూ గంధకమూ ఎక్కువ అందితే అటు నాలుగు వరసలు ఎక్కువ పెరుగుతుంది. పక్కన మరో రాయి అడ్డం వస్తే అక్కడే ఆగిపోతుంది. ఎంత పెరిగినా, ఎక్కడ ఆగినా మూల మారదు. 1669లో డెన్మార్క్‌కి చెందిన నికోలస్ స్టెనో అనే ఆయన స్ఫటికాలను గమనించి ఈ సంగతే చెప్పాడు. మా మిత్రుడికి స్టెనో పేరు తెలియదు. మూలమట్టం, కంపాస్ పట్టుకుని, చెట్టు కింద నిలబడి అదే చోటికి వచ్చాడు. ఆ మాట చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మళ్లీ రాయి అడిగి తీసుకుని, ఈసారి మెల్లగా చూశాడు.

అలా చూస్తేనే పైరైట్ ముఖాల మీద గీతలు కనపడతాయి. దువ్వెనతో దువ్వినట్టు సన్నగా, ఒకదాని పక్కన ఒకటి. ఒక ముఖం మీద నిలువుగా ఉంటే, దాని పక్క ముఖం మీద అడ్డంగా ఉంటాయి. ఈ గీతలు పైరైట్‌కి పుట్టుమచ్చ లాంటివి. అన్ని ఘనాల మీదా కనపడవు, కనపడితే మాత్రం చాలా నమ్మకమైన గుర్తు. బజారులో రాయిని కోసి, సాన పట్టి ఘనంలా చేసి అమ్మేవి వస్తున్నాయి. వాటి ముఖాలు అద్దంలా నున్నగా ఉంటాయి, పొడవులన్నీ ఒకే కొలతగా ఉంటాయి. మనిషి చేసింది మరీ సమంగా ఉంటుంది. దగ్గర పెట్టుకుంటే డబ్బు వస్తుందని పైరైట్ ముక్కలూ గొలుసులూ అమ్మేవాళ్లూ ఉన్నారు. దయచేసి ఆ మాట మీద డబ్బు పెట్టకండి. ఆ రాయిలో చూడదగ్గది వేరే ఉంది.

బంగారమా కాదా అన్న అనుమానం మన వైపు వాళ్లకి రావడం సహజం. కుప్పం దగ్గర చిగురుగుంటలో బంగారం తవ్విన చరిత్ర మనకుంది. తేల్చుకోవడం సులువు. పింగాణీ టైల్ వెనక వైపు, గరుకుగా ఉండే చోట రాయిని గీయండి. బంగారం గీత బంగారంలాగే పడుతుంది. పైరైట్ గీత ఆకుపచ్చ కలిసిన నలుపు. బరువులో కూడా తేడా ఉంది. నా రెండు సెంటీమీటర్ల ఘనం దాదాపు 40 గ్రాములు. అంతే బంగారమైతే 150 గ్రాములు దాటుతుంది.

రేడియోలో మాట్లాడుతూ గెలీనా గురించి చెప్పకపోతే తప్పవుతుంది. సీసమూ గంధకమూ కలిసిన ఖనిజమిది. వెండిలా మెరుస్తుంది, చేతిలో పెట్టుకుంటే చెయ్యి కిందికి జారేంత బరువు. మన రాష్ట్రంలోనే పల్నాడు వైపు అగ్నిగుండాల ప్రాంతంలో, బండలమోటు దగ్గర సీసం గని ఉండేది. గెలీనా ఘనాలుగా పెరుగుతుంది. పగిలినా చిన్న చిన్న ఘనాలుగానే పగులుతుంది. సైంధవ లవణం కూడా అంతే. పచ్చడి బండతో ఒక దెబ్బ వేసి చూడండి, ముక్కలు చాలా వరకు చదరంగా విడిపోతాయి. అయితే పెరిగిన ఘనం వేరు, పగిలిన ఘనం వేరు. సేకరించేవాళ్లు మొదట నేర్చుకోవాల్సిన తేడా ఇదే.

జగదీశ్ చంద్ర బోస్ గారు ఈ గెలీనా రాతితోనే రేడియో తరంగాలను పసిగట్టే పరికరం చేశారు. 1901లో దరఖాస్తు పెడితే 1904లో అమెరికా పేటెంట్ వచ్చింది. ఆ తర్వాత రోజుల్లో చాలామంది ఇళ్లలో గెలీనా ముక్క మీద సన్నటి తీగ మొన ఆనించి, బ్యాటరీ లేకుండానే రేడియో విన్నారు. ఇప్పుడు నా గొంతు మీ దాకా వచ్చిన దారిలో, చాలా వెనక, ఒక రాయి ఉంది. ఒక జాగ్రత్త: అందులో ఉన్నది సీసం. ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, పిల్లలకి ఇవ్వకూడదు.

ఫ్లోరైట్ గురించి రెండు మాటలు. గుజరాత్‌లోని అంబా డోంగర్‌లో దీని గనులున్నాయి. ఊదా, ఆకుపచ్చ, తేనె రంగుల్లో గాజులా ఉండే ఘనాలు. నోట్లు పరీక్షించే అతినీలలోహిత దీపం కింద పెడితే కొన్ని నీలంగా వెలుగుతాయి. అలాంటి వెలుగుకి 1852లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త ఈ రాయి పేరుమీదే ఫ్లోరసెన్స్ అని పేరు పెట్టాడు.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను, మీకు పనికొస్తుంది. ఘనాలు గింజల్లా గుత్తిగా కూడిన పైరైట్ ముద్ద ఒకటి కొన్నాను. మురికిగా ఉందని నీళ్లతో కడిగి, సరిగా ఆరకుండానే, దాని వివరాలు రాసిన చీటీతో సహా డబ్బాలో పెట్టాను. మన దగ్గర అక్టోబరు నుంచి వానలు ఎలా పడతాయో తెలుసు కదా. సంక్రాంతికి డబ్బా తీస్తే అగ్గిపుల్ల వాసన. రాయి మీద తెల్లటి బూడిదలాంటి పొడి. కింద చీటీ గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే పొడైపోయింది. గాలి, తేమ తగిలితే కొన్ని పైరైట్లు లోపల్నుంచి చెడిపోతాయి, గంధకామ్లం పుడుతుంది. కాగితాన్ని తినేసింది అదే. రాయి పోయినందుకంటే, చీటీ పోయినందుకు ఎక్కువ బాధపడ్డాను. అప్పట్నుంచి పైరైట్లని నీటితో కడగను. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు దాచి, డబ్బాకి ఒకటి వేస్తాను. చీటీని ప్లాస్టిక్ కవరులో విడిగా పెడతాను.

మన కొండల గురించి అడుగుతారు కనుక చెబుతున్నాను. తిరుమల కొండ రాయి గట్టిపడ్డ ఇసుకరాయి. అందులో ఉండే స్ఫటికం, అంటే మన స్ఫటిక మాలల్లోని క్వార్ట్‌జ్, ఆరు పలకలుగా పెరుగుతుంది గాని ఘనంగా పెరగదు. ఘాట్ రోడ్డులో అడుగున పాత గ్రానైట్, దాని మీద ఈ ఇసుకరాయి కూర్చున్న గీత కనపడుతుంది. రెండింటి మధ్య కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది. భూగర్భ సర్వే సంస్థ దాన్నీ, పైన శిలాతోరణాన్నీ జాతీయ భూగర్భ స్మారకాలుగా గుర్తించింది. శేషాచలం అడవి జాతీయ ఉద్యానం కూడా. అక్కడి నుంచి గులకరాయి తెచ్చుకోవడం కూడా చట్టం ఒప్పదు, మన మనసూ ఒప్పకూడదు. చూసి రండి. క్వారీలకీ గనులకీ వెళ్లాలనుకుంటే యజమానిని అడిగి, పని లేని రోజు, పెద్దవాళ్లతో వెళ్లండి. అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

లెక్కలు రాసిన చెయ్యి కదా, నా దగ్గర ప్రతి రాయికీ ఒక రిజిస్టరు పద్దు ఉంది. అంకె, ఖనిజం పేరు, దొరికిన చోటు, తేదీ, ఇచ్చినవాళ్లు, బరువు. ఏ రాతిలోంచి, ఏ ఊరి నుంచి వచ్చిందో రాసి ఉంటే, రేపు యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదివే పిల్లలకి కూడా ఆ రాయి పనికొస్తుంది. రాయకపోతే అది మెరిసే ముక్క మాత్రమే. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా రిజిస్టరులో మొదటి పద్దే అసంపూర్తిగా ఉంది. ఒకటో నంబరు, పైరైట్, ఆవగింజంత ఘనం, నల్ల కంకరలో. దొరికిన చోటు, మా ఇంటి ముందు కంకర కుప్ప. ఏ క్వారీ అన్నచోట ఖాళీ. కంకర తోలిన లారీ డ్రైవరు ఆరోజు మా వరండాలో కూర్చుని కాఫీ తాగాడు. ఏ క్వారీ నుంచి తెచ్చావయ్యా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత చుట్టుపక్కల క్రషర్ల దగ్గరికి ఆ ముక్క పట్టుకుని చాలాసార్లు వెళ్లాను, రంగూ రవ్వా పోల్చి చూశాను. తేలలేదు. పెన్సిల్‌తో ఊహ రాయబోయి రెండుసార్లు ఆగాను. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంచాను.

నమస్కారం.